గంధం ఎక్కువైన విజయదశమి

పుదుచ్చేరి టౌన్లో ఒక ఆసుపత్రి స్టెరైల్ గదికి నన్ను సహాయకురాలిగా మారుస్తూ ఉత్తర్వు అరవవాళ్ళ ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక సోమవారం నాడు చేతికొచ్చింది. అంతకుముందు తొమ్మిదేళ్ళు అక్కడే ప్రసూతి వార్డులో ఆయాని. స్టెరైల్ గదిలో పదమూడేళ్ళు చేసి ఈమధ్యే రిటైరయ్యాను. ఆసుపత్రి పేరు రాయను. ఇక్కడ చెప్పబోయే తప్పు నాది, దాన్ని తీసుకుపోయి ఇంకొకరి బోర్డుకి తగిలించడం న్యాయం కాదు.

నేను చదివింది ఐదో తరగతి, అదీ అరవంలో. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో పలక మీద దిద్దించాడు. మాది టౌనుకు దగ్గర్లోని కిరుమాంబాక్కం ఊరు. మా వాళ్ళు ఎన్ని తరాల కిందట ఇటొచ్చారో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా ఇంటి తెలుగు అచ్చుకు పనికిరాదని సత్యవతి ఈ కాగితాలు తీసుకుని దిద్దింది. సత్యవతి యానాం పిల్ల, డిప్లొమా చదివి మా గదికి టెక్నీషియన్‌గా వచ్చింది. హోదాలో నాకు పైమెట్టు, వయసులో నా కూతురి ఈడు. తను నన్ను పిన్నిగారూ అనేది, నేను తనని ఏందిమే అనేదాన్ని. మొదటి వారం ఆ పిలుపుకు ముఖం ముడుచుకుంది. తరవాత అలవాటు పడింది. పడక యాడికి పోతుంది?

స్టెరైల్ గది పని బయటివాళ్ళకు తెలియదు. ఆపరేషన్‌కు వాడే బట్టలు, దూది, గాజుగుడ్డ, కత్తులు, కత్తెరలు అన్నీ మా దగ్గర ఆవిరిలో ఉడికి పైకి పోవాలి. ఉడికించే యంత్రాన్ని ఆటోక్లేవ్ అంటారు. మనిషి వంగి దూరగలిగేంత పెద్ద కుక్కరు అనుకోండి. బట్టలు నేరుగా అందులో వేయరు. గుండ్రటి స్టీలు డబ్బాల్లో సర్దుతారు, వాటిని డ్రమ్ములంటారు. డ్రమ్ము చుట్టూ వరసగా రంధ్రాలు, వాటి మీద రంధ్రాలున్న ఒక పట్టీ. పట్టీ ఇటు తిప్పితే రంధ్రానికి రంధ్రం కలిసి తెరుచుకుంటుంది, అటు తిప్పితే మూసుకుంటుంది. యంత్రంలో పెట్టేముందు తెరవాలి, లేకపోతే ఆవిరి లోపలికి పోదు. తీశాక మూయాలి, లేకపోతే బయటి గాలి లోపలికి పోతుంది. యంత్రంలోని గాలంతా ముందు బయటికి తోలి, ముల్లు పదిహేను పౌన్ల మీద నిలబడ్డాక అరగంట కదలకుండా ఉంచాలి. మళ్ళీ ఆరబెట్టాలి. మొత్తం కలిపి గంటన్నర.

ఉడికిందా లేదా తెలియడానికి ఒక టేపు ఉంది. వేడి తగిలితే దాని మీద చారలు నల్లబడతాయి. డ్రమ్ము మూత మీద ఒక ముక్క, బట్టల నడుమ ఇంకో ముక్క వేయాలని రూలు. పై ముక్క డ్రమ్ముకు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. లోపలికి ఆవిరి చేరిందా లేదా అన్న సంగతి నడిమి ముక్క చెప్పాలి.

మా ఇన్‌చార్జి సిస్టర్ ఫిలోమినా. స్టెరైల్ గది, ఆపరేషన్ థియేటర్ రెండూ ఆమె చేతి కింద. నోట్లోంచి మాట ఊడిపడటం అరుదు, పడితే దెబ్బ తగిలేది. ఆమె అరవంలోనే మాట్లాడేది, నేను తెలుగులో రాస్తున్నాను.

నా రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు ఆసుపత్రిని ఎవరికో అమ్మేస్తున్నారని పుకారు పుట్టింది. కొత్తవాళ్ళు వస్తే సగం మందిని తీసేస్తారట, పాతవాళ్ళ పేర్లే ముందట, పేర్ల జాబితా సూపరింటెండెంట్ సొరుగులో ఉందట. ఎవరూ చూడలేదు, అందరికీ తెలుసు. లాండ్రీలో ఒకామె దర్గాకు మొక్కుకుంది, ఇంకొకామె మాతాకోవిల చర్చిలో కొవ్వొత్తులు వెలిగించింది. నేను మా పెరుమాళ్ళకు చెప్పుకున్నాను. ఊరికే చెప్పుకోలేదు, ఆయుధపూజ గట్టిగా చేస్తానని మాటిచ్చాను.

ఆయుధపూజ మా వైపు బస్సు నుంచి బలపం దాకా అన్నిటికీ జరుగుతుంది. మా గదిలో మధ్యాహ్నం ఆఖరి లోడు అయ్యాక యంత్రం కడిగి, దండ వేసి, బొరుగులు, శనగలు పెట్టేవాళ్ళం. సిస్టర్ అడ్డు చెప్పేది కాదు. శిలువ వేసుకుని పక్కన నిలబడి, తరవాత అందరికన్నా ఎక్కువ శనగలు తినేది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే, డ్రమ్ములకు మూత మీద తప్ప ఇంకెక్కడా బొట్టు పెట్టరాదు.

ఆ ఏడాది సిస్టర్ పూజ వేళకు థియేటర్లో ఇరుక్కుపోయింది. సత్యవతి సెలవు. నేనొక్కదాన్నే. మూడు డ్రమ్ములు తోమి వరసగా పెట్టాను. మూతకొక బొట్టుతో నా మనసు నిండలేదు. ఒక చుక్క గంధానికి దేవుడు ఎన్ని ఉద్యోగాలు కాపాడతాడు అనిపించింది. డ్రమ్ము చుట్టూరా, పట్టీ మీద, పైనుంచి కిందికి గంధం మెత్తాను. అంత గంధం కొనాలంటే నాకు చేతులు రావు. కొంచెం గంధంపొడిలో పసుపు, బియ్యప్పిండి కలిపి నీళ్ళతో పిసికాను. ఇంట్లో గడపలకు అట్లాగే చేస్తాను. ముద్ద దట్టంగా పట్టింది, చూడ్డానికి నిండుగా ఉంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. టేపు స్టాకు తగ్గింది, అమ్మకం గొడవలో కొత్త సరుకు వస్తుందో రాదో తెలియదు. పొదుపు చేద్దామని ఆ వారం నడిమి ముక్క వేయడం మానేశాను. పై ముక్క ఎట్లాగూ నల్లబడుతుంది కదా అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

మరునాడు విజయదశమి, శుక్రవారం. ఆరింటికి డ్యూటీ ఎక్కాను. లోడు పెట్టేముందు డ్రమ్ము పైభాగం తుడవాలని రూలు. పండగనాడు మొదటి పని కాకుండా బొట్టు చెరపడం ఏ ఇంట్లోనూ లేదు, నేనూ చెరపలేదు. పట్టీలు తిప్పి తెరిచాను, డ్రమ్ములు లోపల పెట్టాను, తలుపు బిగించాను.

ఏడున్నరకు సత్యవతి తలలో పూలు పెట్టుకుని వచ్చింది. వస్తూనే ముక్కు ఎగబీల్చి, "ఏంటండీ పిన్నిగారూ, ఇడ్లీ వాసనొస్తంది? పండగని ఆటోక్లేవులోనే టిఫిన్ వండేస్తన్నారా ఏంటి?" అంది.

"నీకు ఎప్పుడూ తిండి మీదే ధ్యాసమే" అన్నాను. నాక్కూడా వాసన తగిలింది. క్యాంటీనుదనుకున్నాను.

ఎనిమిదింటికి రెండు డ్రమ్ముల పట్టీలు వేడి మీదే హడావుడిగా తిప్పి మూసి థియేటర్‌కు పంపాను. ఆ రోజు మొదటి కేసు సిజేరియన్. ముందుగా అనుకున్నదే. దశమి నాడు, పదిన్నరకు రాహుకాలం పట్టకముందే బిడ్డ భూమ్మీద పడాలని ఇంటివాళ్ళు జోస్యుడి దగ్గర వేళ రాయించుకొచ్చారు. తొమ్మిదిన్నరకు కత్తి పెట్టడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది.

మూడో డ్రమ్ము వార్డుది. దాన్ని బీరువాలో పెడదామని చెయ్యి వేస్తే గంధం గోటితో గీరినా రాలేదు. వేలితో తట్టాను. గట్టిగా, నున్నగా, గోడకు కొట్టిన సున్నంలా ఉంది. పట్టీ తిప్పబోతే తిరగలేదు. వెలుతురులోకి తెచ్చి చూశాను. రంధ్రాల్లో ముప్పాతిక భాగం మూసుకుపోయి ఉన్నాయి. బియ్యప్పిండికి ఆవిరి తగిలితే ఏమవుతుందో ముప్పై ఏళ్ళు ఇడ్లీ పోసిన నాకు తెలియదా? తెలుసు. రాసేటప్పుడు తట్టలేదు, అంతే.

మూత తీశాను. మూత మీది టేపు బొగ్గులా నల్లగా ఉంది. పై బట్టలు వేడిగా ఉన్నాయి. చేతులు కడుక్కుని నడుమ మడతలోకి వేళ్ళు పెట్టాను. ఆవిరి తాగిన బట్టకు ఒక బిగువు ఉంటుంది, ఇస్త్రీకి ముందు నీళ్ళు చల్లిన బట్ట వాసన ఉంటుంది. ఇది బీరువాలోంచి తీసిన బట్టలా ఉంది. అంత మాత్రాన ఖాయంగా చెప్పలేం. తెరుచుకున్న నాలుగు రంధ్రాలు చాలాయేమో. పైకి పోయిన రెండూ బాగానే ఉన్నాయేమో. నడిమి ముక్క వేసి ఉంటే తెలిసేది.

సత్యవతి పక్కకొచ్చి చూసింది. నవ్వు ఆగిపోయింది. నా వంక చూసింది.

ఆ రెండు డ్రమ్ముల్లోని బట్టలు కాసేపట్లో ఒక పిల్ల కడుపు కోసిన చోటు చుట్టూ పరుస్తారు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే, తీసేసే జాబితాలో నా పేరు లేకపోయినా రాస్తారు. "పెరుమాళ్ళు చూసుకుంటాడులే" అని పైకే అన్నాను. ఆ మాట నేను రోజుకు పదిసార్లు అనేదాన్ని, బస్సు దాటిపోయినా అనేదాన్ని. ఆ రోజు మాత్రం నా చెవికే నచ్చలేదు. నేను మూసిన రంధ్రాలు ఆయన చూసుకోవాలా?

"పట్టీ తెరిచేటప్పుడు నేనూ చూళ్ళేదండీ" అని సత్యవతి మెల్లగా అంది. తను వచ్చేసరికే లోడు లోపల ఉంది. నా తప్పులో సగం మోస్తానని వచ్చింది, అంతే.

"నువ్వు మధ్యలో రావద్దుమే, నేనే పోతా ఉండా" అని మెట్లెక్కాను.

థియేటర్ తలుపు దగ్గర నేల మీద ఎర్ర గీత ఉంటుంది. బయటి చెప్పులతో, బయటి బట్టలతో దాన్ని దాటకూడదు. గీతకు ఇవతల నిలబడి సిస్టర్ను పిలిపించాను. గంధం సంగతి, పిండి సంగతి, టేపు సంగతి మూడూ చెప్పాను. ఆమె గడియారం చూసింది. ఎనిమిదీ యాభై. లోపలికి పోయి డాక్టరమ్మను తీసుకొచ్చింది.

డాక్టరమ్మ అడిగింది ఒక్కటే. "ఎన్ని రంధ్రాలు తెరిచి ఉన్నాయి?"

"చూసిన డ్రమ్ములో పావు వంతు. ఇక్కడున్నవి చూడలేదు" అన్నాను.

రెండు డ్రమ్ములూ వెంటనే కిందికి దింపమంది. థియేటర్లో ఎమర్జెన్సీ డ్రమ్ము ఒకటి ఎప్పుడూ తయారుగా ఉంటుంది, దాన్ని ముందుగా అనుకున్న కేసుకు వాడరు. ఈలోపు ప్రాణం మీదికొచ్చిన కేసు వస్తే ఏం పరుస్తారు? కాబట్టి మళ్ళీ మొదటినుంచి ఉడికించాల్సిందే. డ్రమ్ములు కడిగి సర్దడం కాక ఇంకో గంటన్నర అంటే పదిన్నర దాటుతుంది.

"ఇంటివాళ్ళకు నువ్వే చెప్పు" అంది సిస్టర్.

వరండాలో అత్తగారు పట్టుచీరతో, చేతిలో వేళ రాసిన పసుపు కాగితంతో కూర్చుని ఉంది. నేను చెప్పేది సగం విని లేచి నిలబడింది. "ఎవరమ్మా నువ్వు? పంచాంగం కన్నా పెద్దదానివా? నీ గంధానికి మా బిడ్డ జాతకం మారాలా?" అని మొదలుపెట్టింది. వరండా అంతా తిరిగి చూసింది. ఆమె నన్ను అన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "పదిన్నరకు ముందు కావాలంటే ఉడకని బట్టతో చేయాలమ్మా. మీరు ఒప్పుకున్నా డాక్టరమ్మ ఒప్పుకోదు" అన్నాను.

పక్క గది తలుపు తెరిచే ఉంది. గౌను వేసుకుని మంచం మీద కూర్చున్న ఆ పిల్ల లోపలినుంచి, "ఆయా, మళ్ళీ ఉడికించేది ఎవరు?" అని అడిగింది.

"నేనే తల్లీ."

"అయితే కానీండి. ఇంకోసారి గంధం పెట్టకండి" అంది. అత్తగారు గభాలున కోడలి వైపు తిరిగింది. కోడలు గోడ గడియారం వైపు తిరిగింది. నేను మెట్లు దిగాను.

మూడు డ్రమ్ములూ వేడినీళ్ళలో పెట్టి కొప్పులోంచి పిన్ను తీసి రంధ్రం వెంట రంధ్రం పొడిచాను. సత్యవతి పళ్ళు తోమే బ్రష్షుతో వెనకే రుద్దుకుంటూ వచ్చింది. చివరికి, "గంధం పూత బాగా పట్టాలంటే చిట్కా దొరికిందండీ, మా అమ్మకి రాస్తాను" అంది. నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. బట్టలు మార్చి, ప్రతి డ్రమ్ము నడుమ టేపు ముక్క వేశాం. కొలవలేదు, బారెడు చింపాను. తలుపు బిగించాం.

ముల్లు పదిహేను మీదికొచ్చి నిలబడ్డాక అరగంట సేపు చేయడానికేమీ ఉండదు. మామూలు రోజుల్లో ఆ అరగంటలో గాజుగుడ్డ మడిచేదాన్ని. ఆ రోజు గాజుగుడ్డ ముట్టుకోలేదు. స్టూలు వేసుకుని ముల్లును చూస్తూ కూర్చున్నాను. సిస్టర్ కిందికి దిగి వచ్చి పక్క స్టూలు మీద కూర్చుంది. నాకు తిట్లు పడతాయనుకున్నాను.

"కమలమ్మా, మీ పెరుమాళ్ళకు పలచగా రాస్తే కనిపించదా?" అంది.

"జాబితా భయం సిస్టర్" అన్నాను. "ఈసారి గట్టిగా పట్టుకోవాలనుకున్నా."

"ఎవరిని ఎవరు పట్టుకోవాలి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా జపమాల తీసి తన ప్రార్థనలో పడింది.

ఆ ప్రశ్నతో కూర్చుంటే నాకు మా ఆయన చనిపోయిన ఏడాది గుర్తుకొచ్చింది. చిన్నది ఉయ్యాల్లో ఉంది. నాకు దేవుడి మీద కోపం. ఆ ఏడాది పొడుగునా దేవుడి గూట్లో దీపం పెట్టలేదు. పెరుమాళ్ళకు ముఖ్యమైన పురట్టాసి నెల శనివారాలు పోయాయి, పొంగలి పెట్టలేదు. గూటి తలుపు వేసి తాళం కూడా పెట్టాను. అత్త తిట్టినా తియ్యలేదు. ఆ ఏడాదే నాకు ఈ ఆసుపత్రిలో ఆయా పని దొరికింది. ఆ ఏడాదే పిల్లకు జ్వరం ఎక్కి దిగింది. తాళం పెట్టిన గూటి వెనకనుంచే ఆయన నాకు అన్నం పెట్టాడు. నేను అడగను కూడా అడగలేదు. అట్లాంటివాడు ఇప్పుడు ఒక పుకారుకు నన్ను వదిలేస్తాడని, గంధం చాలదేమోనని నేను పిండి కలిపాను. ఆయనను అంత తక్కువగా అంచనా వేశానే అని సిగ్గేసింది. నమ్మరు కానీ, అక్కడినుంచి భయం తగ్గి గాజుగుడ్డ మడత అందుకున్నాను. ఉద్యోగం ఉంటుందని కాదు. పోయినా నేను ఒంటరిగా పోనని.

సత్యవతి గడియారం చూసి, "అరగంటయ్యిందండీ" అంది.

"ఇంకో రెండు నిమిషాలు ఉంచుమే" అన్నాను.

ఆరబెట్టి తీసి పైకి పంపాం. థియేటర్లో సిస్టర్ చేతులతో మూత తెరిస్తే నడిమి ముక్క మీద చారలు నల్లగా ఉన్నాయని కబురొచ్చింది. అప్పటికి పదకొండు. రాహుకాలం పట్టింది కనుక ఇంటివాళ్ళు పన్నెండు దాకా ఆగమన్నారు, డాక్టరమ్మ ఆగింది. పన్నెండూ ఇరవైకి ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు కుట్లు చూశారు, ఐదో రోజు ఇంటికి పంపారు. నేను ప్రతి రోజూ వార్డు దాకా పోయి జ్వరం చార్టు చూసి వచ్చేదాన్ని. అత్తగారు నన్ను చూసినప్పుడల్లా ముఖం తిప్పుకుంది, డిశ్చార్జి రోజు కూడా తిప్పుకుంది.

నాకు మెమో ఇచ్చారు. మెమో అంటే చేసిన తప్పుకు రాతపూర్వకంగా సంజాయిషీ అడిగే కాగితం. మూడు పంక్తులు అరవంలో నా చేత్తో రాసిచ్చాను. ఆరు నెలలు లాండ్రీకి మార్చారు, హోదాలో ఒక మెట్టు కింద. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ఆసుపత్రి నిజంగానే చేతులు మారింది. నలుగురిని తీశారు. నన్ను తియ్యలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఆరు నెలలు అయ్యాక పాత గదికి తీసుకున్నారు, అక్కడినుంచే రిటైరయ్యాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇది. నడిమి ముక్క ఎప్పుడూ ఆదా చేయకండి. యంత్రానికి పూజ చేస్తే దాని పనికి అడ్డం రాని చోట చేయండి. తప్పు తెలిసిన నిమిషంలోనే గీత దగ్గరికి పోయి చెప్పండి, జాబితాలో పేరున్నా సరే. దేవుడి సంగతికి వస్తే, ఆయన నిలకడ మన పూజ మందాన్ని బట్టి పెరగదు, మనం మానేసిన ఏడాది తరగదు. ఇది నేను యాభై ఆరేళ్ళ వయసులో, ముల్లు ముందు స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నాను. అప్పటినుంచి భయం వేసిన రోజున ఆయనకు అదనంగా ఏమీ ఇవ్వలేదు. ఆ రోజు చేయాల్సిన పనిని మాత్రం రెండుసార్లు సరిచూసుకున్నాను.